రక్తం వస్తే బ్రష్ ఆపకండి

(శ్రీకాకుళం జిల్లాలోని ఒక మండల కేంద్రంలో ఆశా కార్యకర్తలు, పొదుపు సంఘాల మహిళలు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక చిగుళ్ళ వైద్యురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా అమ్మా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. వినబడకపోతే చెయ్యి ఎత్తండి, నేనే అటు వచ్చి మాట్లాడతాను.

మా అమ్మ సంగతితో మొదలుపెడతాను. అమ్మకి నలభై ఎనిమిదేళ్ళప్పుడు, సంక్రాంతికి వండిన జంతికలు తింటూంటే ముందు పన్ను ఒకటి ఊడి చేతిలోకి వచ్చింది. నొప్పి లేదు. రక్తం కూడా పెద్దగా రాలేదు. అమ్మ ఆ పన్ను కాసేపు అలా చూసి, "వయసైపోయిందే" అని పెరట్లోకి విసిరేసింది. యాభై అయిదు వచ్చేసరికి కింది వరసలో నాలుగు పళ్ళు మిగిలాయి. చెరుకు ముక్క, జామకాయ, వేయించిన వేరుశనగలు, అన్నీ ఒక్కొక్కటిగా మానేసింది. మేమూ వయసే అనుకున్నాం.

తర్వాత నేను పళ్ళ డాక్టరు చదువులో చేరాను. చిగుళ్ళ పాఠాలు మొదలైన రోజుల్లో ఒకనాటి రాత్రి హాస్టల్లో పుస్తకం ముందు పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఎందుకంటే అమ్మ పళ్ళు వయసు వల్ల పోలేదు. ఊడిన పళ్ళలో ఒక్కటీ పుచ్చలేదు. గట్టి పళ్ళు. వాటిని పట్టుకుని ఉండాల్సిన చిగురూ ఎముకా చెడిపోయాయి. అమ్మ పళ్ళు తోముకునేటప్పుడు రక్తం రావడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నూతి పళ్ళెం దగ్గర ఎర్రగా ఉమ్మేది. మొదట బ్రష్ గరుకుగా ఉందని అది మార్చింది. తర్వాత బ్రష్ మానేసి వేలితో పళ్ళపొడి రాసుకుంది. ఆ తర్వాత రక్తం వచ్చే వైపు ముట్టుకోవడమే మానేసింది. అంటే ఎక్కడ జబ్బు ఉందో సరిగ్గా అక్కడే తోమడం ఆగిపోయింది. ఎవరూ ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. నేను ఇక్కడికి వచ్చింది ఆ ఒక్క మాట చెప్పడానికే: చిగుళ్ళ నుంచి రక్తం వస్తే బ్రష్ ఆపకండి. అక్కడే ఇంకాస్త ఓపికగా, మెత్తటి బ్రష్‌తో తోమండి.

ఎందుకు అలా అంటున్నానో వివరంగా చెబుతాను. కారణం తెలియకుండా నా మాట నమ్మమంటే మీరు నమ్మరు. రక్తం చూస్తే చెయ్యి వెనక్కి తీసుకోవడం మనిషికి సహజం కదా.

పొద్దున్న లేవగానే పళ్ళ మీద నాలుకతో రాసి చూడండి. జిగటగా తగులుతుంది. దాన్నే మనం పాచి అంటాం. తిన్న అన్నం మిగిలిపోయి అలా అయిందని చాలామంది అనుకుంటారు. అందులో అన్నం ఉండేది తక్కువ. ఎక్కువ భాగం సూక్ష్మజీవులే. 1683లో డెల్ఫ్ట్ అనే ఊళ్ళో లీవెన్‌హుక్ అనే డచ్చి బట్టల వ్యాపారి తన పళ్ళ సందుల్లోంచి పిండి ముద్దలాంటి తెల్లని పదార్థం తీసి, తనే తయారు చేసుకున్న సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాడు. కదులుతూ, గిరగిరా తిరుగుతూ లెక్కలేనన్ని ప్రాణులు కనబడ్డాయి. ఆయన శుభ్రం తెలియని మనిషేం కాదు. రోజూ ఉప్పుతో పళ్ళు రుద్దుకునేవాడు, పుల్లతో సందులు తీసుకునేవాడు. అయినా పళ్ళ మధ్య పాచి మిగిలిపోయింది. మూడు వందల నలభై ఏళ్ళు దాటినా మన నోళ్ళలో మిగిలిపోయే చోటు అదే, పళ్ళ సందు.

ఈ పాచిని రెండు రోజులు వదిలేస్తే ఉమ్మిలో ఉన్న సున్నం పట్టుకుని గట్టిపడటం మొదలవుతుంది. అదే గార. నీళ్ళ బిందె అడుగున తెల్లగా పేరుకుంటుంది చూడండి, దాదాపు అలాంటిదే. కింది ముందు పళ్ళ లోపలి వైపు నాలుకతో తడిమితే గరుకుగా తగులుతుంది కొందరికి. ఉమ్మి ఊరే గొట్టాలు నాలుక కింద, పై దవడ పళ్ళ దగ్గర బుగ్గ లోపల తెరుచుకుంటాయి. అందుకే ఆ రెండు చోట్లా గార ముందుగా, ఎక్కువగా పడుతుంది. ఒకసారి గార అయిందంటే ఇక ఏ బ్రష్షుకీ, ఏ పేస్టుకీ, ఏ పుల్లకీ రాదు. డాక్టరు పనిముట్టుతోనే తీయాలి. గరుకుగా ఉండే ఆ గార మీద కొత్త పాచి ఇంకా సులువుగా పట్టుకుంటుంది.

పాచి చిగురు అంచున కూర్చుంటే ఒళ్ళు ఊరుకోదు. ఆ సూక్ష్మజీవులతో పోరాడటానికి అక్కడికి రక్తం ఎక్కువగా పంపుతుంది. చిగురు ఉబ్బుతుంది, లోపలి పొర పలచబడుతుంది, తాకితే చాలు చిమ్ముతుంది. అంటే రక్తం తెప్పించింది బ్రష్ కాదు. అప్పటికే వాచి ఉన్న చిగురును బ్రష్ తాకింది, అంతే. బాగున్న చిగురు మెత్తటి బ్రష్షుకి రక్తం కార్చదు. ముంజేతిని అదే బ్రష్‌తో రుద్ది చూడండి, వస్తుందా?

దీన్ని నిరూపించిన ఒక ప్రయోగం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. 1965లో డెన్మార్క్ దేశంలో ఆర్హుస్ అనే ఊళ్ళో హరాల్డ్ లో అనే ఆయనా, ఆయనతో పనిచేసేవాళ్ళూ చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మందిని తీసుకున్నారు. ఎక్కువమంది పళ్ళ డాక్టరు చదువుతున్న పిల్లలే. వాళ్ళని పళ్ళు తోమడం పూర్తిగా మానేయమన్నారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపల పన్నెండు మందికీ చిగుళ్ళు వాచాయి. ఒక్కరూ తప్పించుకోలేదు. అప్పుడు మళ్ళీ తోముకోమన్నారు. మందులు ఇవ్వలేదు, సూదులు వేయలేదు. ఒట్టి బ్రష్, పుల్ల. వారం పది రోజుల్లో చిగుళ్ళు మామూలుగా అయిపోయాయి. మా పేషెంట్లకి ఈ కథ చెప్పి, "పది రోజులు నా మాట వినండమ్మా, పదకొండో రోజు వచ్చి తిట్టండి" అంటాను. మొదటి మూడు నాలుగు రోజులు రక్తం వస్తుంది, భయపడతారు. తర్వాత తగ్గుతూ పోతుంది. వారం పది రోజులు సరిగ్గా తోమినా రక్తం ఆగలేదంటే లోపల గార ఉందని, లేదా ఇంకేదో ఉందని. అప్పుడు డాక్టరుకి చూపించుకోవాలి.

ఇప్పుడు చెప్పింది మొదటి దశ. మేం జింజివైటిస్ అంటాం, చిగురువాపు. ఇది పూర్తిగా నయమవుతుంది. కానీ ఏళ్ళ తరబడి వదిలేస్తే కొందరిలో రెండో దశకి వెళ్తుంది. దాన్ని పెరియోడాంటైటిస్ అంటారు. మన పెద్దవాళ్ళు పయోరియా అన్నది దీన్నే.

రెండో దశలో ఏమవుతుందో చెప్పడానికి మన ఏటి గట్టునే చూపిస్తాను. వంశధారకి వరద వచ్చి తగ్గాక గట్టు మీద కొబ్బరి చెట్టు చూశారా? మొవ్వు పచ్చగా ఉంటుంది, గెలలు వేలాడుతుంటాయి. దూరం నుంచి చూస్తే చెట్టుకి ఏ లోటూ లేదు. దగ్గరకి వెళ్తే కింద మట్టి కోసుకుపోయి వేళ్ళు గాలిలో వేలాడుతుంటాయి. మా అమ్మ పన్ను అలా పోయింది. చిగురుకీ పన్నుకీ మధ్య మామూలుగా మూడు మిల్లీమీటర్ల లోపు సందు ఉంటుంది. పాచి, గార ఆ సందులోకి దిగేకొద్దీ అది నాలుగు, ఆరు, ఎనిమిది మిల్లీమీటర్ల లోతు సంచిలా అవుతుంది. అంత లోతుకి బ్రష్ చేరదు. గాలి తగలని ఆ లోతులో వేరే రకం సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఎక్కువ హాని చేసేవి. అప్పుడు పన్నుని పట్టుకున్న దవడ ఎముక కొంచెం కొంచెంగా కరిగిపోతుంది.

ఇందులో బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఎముకని కరిగించే పనిలో ఎక్కువ భాగం చేసేది మన ఒళ్ళే. సూక్ష్మజీవుల మీద పోరాటం ఏళ్ళ తరబడి ఆగకుండా సాగితే, ఆ పోరాటంలో మన కణాలు వదిలే రసాయనాలే ఎముకని తినేస్తాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. అందుకే అందరికీ ఒకేలా రాదు. ఒంటి తీరు మనిషి మనిషికీ వేరు.

"మా తాత జన్మలో బ్రష్ పట్టలేదు, తొంభై ఏళ్ళకి కూడా చెరుకు నమిలాడు" అంటారు. నిజమే అయ్యుంటుంది. శ్రీలంక తేయాకు తోటల్లో పని చేసే 480 మంది మగ కూలీలని ఇందాక చెప్పిన హరాల్డ్ లో బృందమే 1970 నుంచి 1985 దాకా పరీక్షిస్తూ వచ్చింది. వాళ్ళకి పళ్ళు తోమే అలవాటూ లేదు, పళ్ళ డాక్టరూ లేడు. అందరి నోట్లోనూ పాచీ గారా నిండా ఉన్నాయి. అయినా నూటికి 11 మందికి జబ్బు చిగురువాపు దాటి లోపలికి వెళ్ళలేదు. 81 మందికి నెమ్మదిగా ఎముక అరిగింది. మిగతా 8 మందికి మాత్రం చాలా వేగంగా సాగి, నలభై అయిదేళ్ళు వచ్చేసరికి పళ్ళన్నీ పోయాయి. మీ తాత ఆ పదకొండులో ఒకరు అయ్యుండొచ్చు. మీరు ఏ లెక్కలో ఉన్నారో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఇంట్లో అమ్మకో నాన్నకో చిన్న వయసులోనే పళ్ళు కదిలి ఊడిపోయి ఉంటే మాత్రం మీరు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. నేను ఉంటున్నాను.

మీరంతా పొదుపు లెక్కలు రాసేవాళ్ళు కాబట్టి ఇలా చెబితే గుర్తుంటుంది. చిగురువాపులో పోయేది వడ్డీ, కట్టేసుకోవచ్చు. ఎముక అసలు. అది పోతే మామూలుగా తిరిగి రాదు. మా దగ్గరకి రెండో దశలో వచ్చినవాళ్ళకి మేం చేయగలిగింది ఎక్కువగా, ఉన్న ఎముకని నిలబెట్టడం. చిగురు లోపలికి వెళ్ళి వేరు మీద గార గీకి తీస్తాం. నెలన్నర, రెండు నెలలయ్యాక లోతు మళ్ళీ కొలుస్తాం. ఇంకా లోతుగానే ఉంటే చిగురు తెరిచి ఆపరేషన్ చేస్తాం. కొన్ని రకాల గుంతల్లో ఎముక మళ్ళీ పెరిగేలా చేసే పద్ధతులు ఉన్నాయి, కానీ అందరికీ పనికిరావు, ఖర్చూ ఎక్కువే.

(ముందు వరుసలో ఒకామె: "డాక్టరమ్మా, మా చిగుళ్ళు ముందు నుంచీ నలుపే. జబ్బేనా?")

మంచి ప్రశ్న అడిగావమ్మా. జబ్బు కాదు. మన ఒంటి చాయ ఎలాంటిదో చిగురు చాయ అలాంటిది. మనలో చాలామందికి చిగుళ్ళు గోధుమ రంగులోనో నలుపుగానో ఉంటాయి, అది పుట్టుకతో వచ్చే రంగు. పత్రికల్లో గులాబీ రంగు చిగుళ్ళ బొమ్మలు చూసి టెన్షన్ పడొద్దు. కానీ ఒక చిక్కు ఉంది. నల్లటి చిగురులో ఎర్రదనం తొందరగా కనబడదు. అందుకే మనం రంగు మీద కంటే రక్తం మీదా, వాపు మీదా దృష్టి పెట్టాలి. చిగురు అంచు కత్తి అంచులా పలచగా పన్నుని అంటుకుని ఉండాలి. ఉబ్బి, గుండ్రంగా, మెరుస్తూ ఉంటే అనుమానించాలి. నల్ల చిగుళ్ళని తెల్లగా చేయించుకుందామనే ఆలోచన ఈ మధ్య పెళ్ళి కావలసిన పిల్లల్లో చూస్తున్నాను. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ గార తీయించవచ్చు.

నొప్పి గురించి ఇంకో మాట. పుచ్చు పన్ను రాత్రంతా నిద్ర పోనివ్వదు కాబట్టి మర్నాడు ఆసుపత్రికి పరిగెత్తుతాం. చిగుళ్ళ జబ్బు చాలావరకు నొప్పి పెట్టదు. పదిహేను ఇరవై ఏళ్ళు అలా లోపల్లోపల సాగుతుంది. నోటి వాసన, రక్తం, పళ్ళు పొడుగైనట్టు కనబడటం, ముందు పళ్ళ మధ్య కొత్తగా సందు రావడం, తిన్నవాటి పోచలు పళ్ళ సందుల్లో ఇరుక్కోవడం, ఇవే అది ఇచ్చే గుర్తులు. కదలడం మొదలయ్యేటప్పటికి చాలా ఎముక పోయి ఉంటుంది. చీము గడ్డ కట్టినప్పుడే నొప్పి వస్తుంది. అప్పుడు మందుల షాపులో నొప్పి మాత్రలు కొని వేసుకుంటారు. ఉద్దానం వైపు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు ఇక్కడ ఉన్నారు. మీ ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో మీకు నేను చెప్పక్కరలేదు. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి ఆ నొప్పి మాత్రలు విషంతో సమానం. పంటి నొప్పి అని చెప్పి ఎవరికీ చేతికి వచ్చిన మాత్ర ఇవ్వకండి. నొప్పి మాత్రని నలిపి చిగురు మీద పెట్టుకునే అలవాటు కూడా ఉంది. అక్కడ కండ కాలి తెల్లగా ఊడి వస్తుంది, నేను చాలామందిలో చూశాను.

ఇక షుగరు. ఆశా అక్కలకి ఇది ముఖ్యం. షుగరు అదుపులో లేని మనిషికి చిగుళ్ళ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ, వస్తే ముదిరేదీ వేగంగానే. అది చాలామందికి తెలుసు. దాని రెండో వైపు తెలియదు. చిగుళ్ళ జబ్బు కూడా షుగరుని పెంచుతుంది. నోట్లో పళ్ళ చుట్టూ ఉన్న సంచులన్నీ విప్పి పక్కపక్కన పరిస్తే అదొక పుండు. కాలి మీద అంత పుండు ఉంటే ఎవరూ ఊరుకోరు కదా. ఆ పుండు వల్ల ఒంట్లో ఎప్పుడూ వాపు ఉండి ఇన్సులిన్ సరిగా పనిచేయదు. చిగుళ్ళకి వైద్యం చేస్తే మూడు నెలల షుగరు సగటు, హెచ్‌బీఏ1సీ అంటాం కదా, అది సుమారు 0.4 తగ్గుతుందని ఎన్నో పరిశోధనలు కలిపి చూసినవాళ్ళు తేల్చారు. చిన్న అంకెలా కనబడుతుంది. ఇంకో మాత్ర కలిపితే వచ్చే ఫలితానికి అది దగ్గర్లోనే ఉంటుంది. మీరు ఇంటింటికీ వెళ్ళి బీపీ, షుగరు రాసుకుంటారు. అప్పుడు ఒక్క ప్రశ్న ఎక్కువ అడగండి, "పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందా?" అని. అవునంటే వాళ్ళని పళ్ళ డాక్టరు దగ్గరకి పంపండి.

బీపీ మాత్రల్లో ఆమ్లోడిపిన్ అని ఒకటి ఉంది, మీ సంచీలో ఉంటుంది. ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్ కూడా. కొందరికి వీటి వల్ల చిగుళ్ళు కండ పెరిగినట్టు పళ్ళ మీదికి వస్తాయి. పాచి ఎక్కువగా ఉన్న నోట్లో ఇంకా పెరుగుతాయి. అలా కనబడితే డాక్టరుకి చెప్పించండి, మందు మార్చగలరు. సొంతంగా మాత్ర ఆపేయమని మాత్రం చెప్పకండి, ప్రాణం మీదకి వస్తుంది.

గర్భిణుల చిగుళ్ళు మామూలుగానే ఎక్కువ వాస్తాయి. హార్మోన్ల వల్ల అదే పాచికి ఒళ్ళు ఎక్కువగా స్పందిస్తుంది. "కడుపుతో ఉంది, పళ్ళ జోలికి పోవద్దు" అని అత్తగార్లు అంటారు. పళ్ళు తోమడం ఏ నెలలోనూ ఆపక్కరలేదు. గార తీయించుకోవడానికి నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు మంచి సమయం. వాంతులయ్యాక వెంటనే బ్రష్ చేయకుండా ముందు నీళ్ళు పుక్కిలించి, ఓ అరగంట ఆగి తోముకోవాలి.

పొగాకు దగ్గరకి వస్తే నేను కొంచెం ఎక్కువసేపు ఆగాలి. మన జిల్లా పేరు ప్రపంచ వైద్య పుస్తకాల్లో ఉంది, కానీ గర్వపడే కారణానికి కాదు. అడ్డపొగ గురించి ఉంది. నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. 1971లో అచ్చయిన ఒక పరిశీలనలో మన ప్రాంతంలో 10,169 మంది ఊరివాళ్ళ అంగిట్లో ఏ మార్పులు వచ్చాయో చూశారు. డెన్మార్క్ నుంచి వచ్చిన పింద్‌బోర్గ్, మన దేశపు మెహతా, గుప్తా వాళ్ళందరూ కలిసి చేసిన పని. అడ్డపొగ తాగేవాళ్ళ అంగిలికి క్యాన్సర్ ముప్పు గురించి లోకానికి బాగా తెలిసింది ఆ పనుల వల్లే. ఇప్పటి పిల్లల్లో ఆ అలవాటు తక్కువ. కానీ ఇక్కడ మామ్మలు ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు, నవ్వుతున్నారు, నాకు తెలుసు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు మామ్మా. సముద్రపు గాలికి చుట్ట ఆరకుండా ఉంటుందని మొదలైన అలవాటంటారు, మీ అమ్మమ్మల నుంచి వచ్చింది. ఒక్క పని చేయండి, వెళ్ళే ముందు నోరు ఒకసారి నాకు చూపించండి.

పొగాకుకి ఇంకో గుణం ఉంది. చుట్ట, బీడీ, సిగరెట్ ఏదైనా నికోటిన్ రక్తనాళాలని ముడుచుకునేలా చేస్తుంది. అందువల్ల పొగ తాగేవాళ్ళ చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా వస్తుంది. నేను ఇంతసేపూ రక్తాన్ని గుర్తుగా చూడమన్నాను కదా, వాళ్ళకి ఆ గుర్తే ఉండదు. పైకి చిగురు గట్టిగా, బాగున్నట్టే కనబడుతుంది. లోపల ఎముక మామూలు వాళ్ళ కంటే వేగంగా పోతుంది. మీ ఇంట్లో మగవాళ్ళు బీడీ తాగుతూ "నాకు రక్తం రాదు, నాకేం లేదు" అంటే ఆ మాట నమ్మకండి. గుడాకు, ఖైనీ, గుట్కా, పళ్ళకి రాసుకునే నస్యం కూడా చిగుళ్ళకి చెడుపే. గుడాకుతో పళ్ళు తోమితే హాయిగా ఉంటుందంటారు. ఆ హాయి పొగాకు మత్తు.

(వెనక నుంచి ఒకామె: "వేప పుల్ల మంచిదే కదమ్మా? మా నాన్నగారు అదే వాడేవారు.")

వేపలో సూక్ష్మజీవులని కొంత అదుపు చేసే గుణం ఉంది. పుల్లని బాగా నమిలి, చివర కుంచెలా మెత్తగా చేసుకుని నెమ్మదిగా వాడితే ముందు పళ్ళ బయటి వైపు శుభ్రమవుతుంది. చిక్కు ఏమిటంటే దవడ పళ్ళ లోపలి వైపుకి, వెనక్కి అది తిరగదు. జబ్బు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. పొద్దున పుల్ల వాడాలని ఇష్టమైతే వాడండి, రాత్రి మాత్రం బ్రష్. కచిక, బొగ్గు, ఇటుక పొడి, ఒట్టి ఉప్పు మాత్రం వద్దు. గరుకు పొడులు పన్ను అరగదీస్తాయి, చిగురుని కిందికి తోసేస్తాయి. తెల్లబడినట్టు కనబడుతుంది కానీ పైపొర పోయి లోపలి పసుపు బయటపడి జివ్వుమంటుంది.

తోమే పద్ధతి చెబుతాను. ఇదిగో ఈ పెద్ద పళ్ళ బొమ్మ అందుకే తెచ్చాను. మెత్తటి బ్రష్ కొనండి, పెట్టె మీద సాఫ్ట్ అని ఉంటుంది. పేస్టు శనగ గింజంత చాలు, ఫ్లోరైడ్ ఉన్నది. బ్రష్‌ని పన్నుకి నిటారుగా పెట్టకుండా చిగురు వైపు ఏటవాలుగా పెట్టాలి, కొసలు సగం చిగురు అంచున, సగం పన్ను మీద. అక్కడే ఉంచి చిన్నగా వణికించాలి, అంట్లు తోమినట్టు రుద్దకూడదు. పది లెక్కపెట్టి పక్క రెండు పళ్ళకి జరపాలి. ఈ పద్ధతి చెప్పింది చార్లెస్ బాస్ అని అమెరికాలో న్యూ ఆర్లీన్స్ డాక్టరు. పళ్ళ డాక్టరు కూడా కాదు, మలేరియా మీద పని చేసిన మనిషి. పళ్ళలో జబ్బు మొదలయ్యేది చిగురు అంచునే కాబట్టి బ్రష్ కొస అక్కడికే పోవాలని ఆయన పట్టుపట్టాడు. ఇదంతా చేయడానికి రెండు నిమిషాలు పడుతుంది. మా దగ్గరకి వచ్చేవాళ్ళని అద్దం ముందు తోమమంటే చాలామంది అర నిమిషంలో ఆపేస్తారు. కుడిచేతి వాళ్ళకి కుడి వైపు లోపలి పళ్ళు మిగిలిపోతాయి, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

రెండు పూటల్లో ఒక్కటే కుదురుతుందంటే రాత్రి పూట ఎంచుకోండి. నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది. పగలు నోటిని కడుగుతూ ఉండే ఆ నీరు లేకపోతే పాచికి రాత్రంతా స్వేచ్ఛే. భోజనం, అంట్లు, పిల్లల పక్కలు అయ్యేసరికి ఎంత అలసిపోతారో నాకు తెలుసు. అందుకే బ్రష్ వంటింటి గట్టు మీద పెట్టుకోండి, ఆఖరి గిన్నె బోర్లించగానే చేతికి అందేలా.

సందుల సంగతి. పిన్నీసు, చీపురు పుల్ల, అగ్గిపుల్ల, వీటితో చిగురు చీరుకుపోతుంది. సందులు పెద్దవిగా ఉన్నవాళ్ళకి సీసా కడిగే బ్రష్ లాంటి చిన్నది మందుల షాపులో దొరుకుతుంది, రోజుకొకసారి వాడాలి. సందులు బిగుతుగా ఉన్నవాళ్ళకి దారం, ఫ్లాస్ అంటారు. ఎలా వాడాలో ఒకసారి చేయి పట్టుకుని చూపిస్తేనే వస్తుంది, వింటే రాదు. పుక్కిలించే మందు పాచిని విడదీయలేదు. క్లోర్‌హెక్సిడిన్ అనేది డాక్టరు చెప్పినన్ని రోజులే, మామూలుగా రెండు వారాలు. ఎక్కువ రోజులు వాడితే పళ్ళు గోధుమ రంగు తేలతాయి.

ఇక క్లీనింగ్ భయం. "గార తీయిస్తే పళ్ళు కదిలిపోతాయి" అని వినని ఊరు లేదు నాకు. ఈ భయానికి ఒక మూలం ఉంది, కొట్టిపారేయను. చెదలు తిన్న గుంజ చూడండి. లోపల కర్ర పోయినా చుట్టూ పుట్ట మట్టి గట్టిగా పట్టుకుని నిలబెడుతుంది. పుట్ట గీకేస్తే గుంజ ఊగుతుంది. ఊగడానికి కారణం చెదలా, మట్టి గీకిన మనిషా? ఏళ్ళ తరబడి పేరుకున్న గార తీసినప్పుడు కొందరికి పన్ను కదిలినట్టు, సందు వచ్చినట్టు అనిపిస్తుంది. ఆ సందు గార నింపిన సందు. కొన్ని రోజులు చల్లటి నీళ్ళకి జివ్వుమంటుంది, తగ్గిపోతుంది. చిగురు వాపు తగ్గి బిగుసుకున్నాక ఆ కదలిక కూడా చాలామందిలో తగ్గుతుంది. సంతలో చాప పరుచుకుని పళ్ళు తెల్లగా చేస్తామనే వాళ్ళ దగ్గర మాత్రం కూర్చోకండి. కొందరు యాసిడ్ రాస్తారు. అప్పటికి మెరుస్తుంది, పైపొర కరిగిపోతుంది.

ఒకసారి తీయిస్తే జన్మకి సరిపోదు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా. మామూలు వాళ్ళకి ఏడాదికోసారి, రెండో దశ వచ్చినవాళ్ళకి మూడు నాలుగు నెలలకోసారి చూపించుకోవాలి. ఖర్చు భయమైతే ప్రభుత్వ దంత కళాశాలలు ఉన్నాయి. విజయవాడలో, కడపలో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో. మనకి అవి దూరమే, ఒప్పుకుంటాను. దగ్గర్లో ఉన్న ఏ దంత కళాశాలలోనైనా చిగుళ్ళ విభాగం ఉంటుంది, బయట కంటే తక్కువకే చేస్తారు. ఏ ఆసుపత్రిలో ఏ రోజు పళ్ళ డాక్టరు ఉంటారో కనుక్కుని మీ సంఘం పుస్తకంలో ఒక పేజీ మీద రాసి పెట్టుకోండి. ఒక్కొక్కరుగా వెళ్ళే కంటే నలుగురైదుగురు ఆటో మాట్లాడుకుని వెళ్తే ఆ రోజు కూలి పోయినా ఆటో ఖర్చు కలిసొస్తుంది.

(ఒక ఆశా కార్యకర్త: "మా అత్తగారికి పళ్ళు అన్నీ కదులుతున్నాయి మేడం. డెబ్భై ఏళ్ళు, షుగరు కూడా ఉంది. ఇప్పుడు చేసి లాభం ఉందా?")

ఉందమ్మా. అన్నీ నిలబడతాయని నేను చెప్పను. బాగా ఊగేవి తీసేయాల్సి రావచ్చు. కానీ ఆమెకి షుగరు ఉందన్నావు ఇందాక. పుండు తగ్గితే షుగరుకి మేలు, నోటి వాసన పోతుంది, మిగిలిన పళ్ళతో ఇంకొన్నాళ్ళు నమలగలదు. కట్టుడు పళ్ళు పెట్టినా వాటిని పట్టుకోవడానికి నాలుగు గట్టి పళ్ళు ఉంటే ఎంతో తేడా. మా అమ్మకి నేను మిగిలిన ఆ నాలుగు పళ్ళ చుట్టూ గార తీసి, రోజూ రాత్రి నేనే తోమేదాన్ని. అందులో మూడు ఆఖరి దాకా ఉన్నాయి. ఆమెని తీసుకురా, ఈ శనివారమే తీసుకురా.

సరే, నేను టార్చి లైటు, చేతి అద్దాలు, చిన్న బ్రష్షులు తెచ్చాను. బల్లలు ఆ గోడ వైపుకి జరిపి కిటికీ పక్కన రెండు కుర్చీలు వేయండి, వెలుతురు బాగుంది. ముందు మామ్మలు రండి. షుగరు ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు వాళ్ళ తర్వాత. మిగతావాళ్ళు అద్దం తీసుకుని కింది పెదవి లాగి, ముందు పళ్ళ అంచు చూసుకుంటూ ఉండండి. ఏం కనబడిందో నా దగ్గరకి వచ్చినప్పుడు చెప్పండి.